పులి నుంచి పోటు గీత దాకా: ఇందిరాగాంధీ – పర్యావరణ చట్టాలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని వార్డెన్ గారు కబురు చేస్తే, ఏం రాయాలో రెండు రోజులు తోచలేదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ట్రంకు పెట్టె పెట్టుకుని చదివిన వాణ్ణి. మాది వాడరేవు పక్క ఊరు. ఇప్పుడు రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేశాను. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా "ఇదేంటో చదివి చెప్పరా" అని నా దగ్గరికే తెస్తారు. చట్టాల మీద ఆసక్తి నాకు అలాగే మొదలైంది.

వ్యాసానికి విషయం ఇచ్చింది మాత్రం మన తొమ్మిదో తరగతి తమ్ముడొకడు. మొన్న హాస్టల్‌కి వచ్చినప్పుడు జనరల్ నాలెడ్జి పుస్తకం పట్టుకుని "అడవులను, వన్యప్రాణులను కాపాడిన అమెరికా ప్రెసిడెంటు ఎవరు? థియోడర్ రూజ్‌వెల్ట్" అని బట్టీ పడుతున్నాడు. నన్ను చూసి "మరి మన దేశంలో అలాంటివాళ్ళు ఎవరన్నా?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇది వాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు ఆ రూజ్‌వెల్ట్ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఆయన 1901 నుంచి 1909 వరకు అమెరికా అధ్యక్షుడు. అంతకుముందు అధ్యక్షుడు మెకిన్లీ హత్యకు గురికావడంతో 42 ఏళ్ళకే ఆ పదవిలోకి వచ్చాడు. 1903లో ఫ్లోరిడాలోని పెలికన్ దీవిని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. 1905లో అటవీ సేవా విభాగం ఏర్పడింది. దిగిపోయేనాటికి 5 జాతీయ ఉద్యానాలు, 18 జాతీయ స్మారక ప్రాంతాలు, 51 పక్షి రక్షిత కేంద్రాలు, మొత్తం మీద సుమారు 23 కోట్ల ఎకరాలు రక్షణ కిందికి వచ్చాయి. ఇంకోపక్క పెద్ద గుత్త కంపెనీల మీద కేసులు వేయించాడు, 1906లో కల్తీ ఆహారం, మందులను అరికట్టే చట్టం తెచ్చాడు. చిత్రం ఏమిటంటే ఆయన స్వయంగా పెద్ద వేటగాడు. 1902లో మిసిసిపీలో చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చడానికి ఒప్పుకోలేదట. 'టెడ్డీ బేర్' బొమ్మకు ఆ పేరు అలా వచ్చిందే. అయితే ఆ అడవుల్లో తరతరాలుగా బతుకుతున్న రెడ్ ఇండియన్ తెగల భూములు కూడా ఆ రక్షణలో కలిసిపోయాయి. జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఈ మాట ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన కథలోనూ ఇదే వస్తుంది.

ఇక మన దేశంలో ఎవరు అంటే, నా జవాబు ఇందిరాగాంధీ. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "ఇందిరమ్మ" అంటారు. మా నాయనమ్మ పెట్టెలో అడుగున, పాత చీర మడతలో, ఇంటి స్థలం పట్టా కాగితం ఉంది. ఇచ్చింది రెవెన్యూ శాఖే అయినా మా నాయనమ్మ దృష్టిలో ఇచ్చింది ఇందిరమ్మే. ఆమె గురించి మన ఇళ్ళల్లో చెప్పుకునేది స్థలాలు, బ్యాంకు లోన్లు, ఎమర్జెన్సీ. పులులు, చెట్లు, సముద్రం గురించి ఎవరూ చెప్పరు.

ఆమె 1917 నవంబరు 19న అలహాబాదులో పుట్టారు. 1928 వేసవిలో, ఆమెకు పదేళ్ళప్పుడు, తండ్రి నెహ్రూ భూమి ఎలా పుట్టింది, రాళ్ళు ఏం చెబుతాయి, జీవులు ఎలా వచ్చాయి అని ఉత్తరాలు రాశారు. అవి మరుసటి ఏడు పుస్తకంగా వచ్చాయి. రాయినీ చెట్టునీ పుస్తకంలా చదవాలన్న సంగతి ఆమెకు అప్పుడే పట్టుబడి ఉండాలి. శాంతినికేతన్‌లో కొంతకాలం, ఆక్స్‌ఫర్డ్‌లో కొంతకాలం చదివారు కాని డిగ్రీ పూర్తి కాలేదు. (తమ్ముళ్ళూ, దీన్ని చదువు మానేయడానికి సాకుగా చూపకండి. ఆమె తండ్రి వేరు, మన తండ్రులు వేరు.) 1942లో పెళ్ళయిన కొద్ది నెలలకే క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. పక్షులను గమనించడం ఆమెకు ఇష్టమైన వ్యాపకం. పక్షి శాస్త్రవేత్త సలీం అలీతో ఉత్తరాలు నడిపేవారు. 1966 జనవరిలో ప్రధాని అయ్యారు.

ఆ రోజుల్లో దేశంలో తిండికే కరువు. అమెరికా నుంచి గోధుమ ఓడలు వస్తే తప్ప గడవని పరిస్థితి. అందుకే ఆమె ముందు చేసిన పనులు అడవికి సంబంధించినవి కావు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది ఆమే. గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట పొలాలు వరి పొలాలైంది ఆ నీళ్ళతోనే. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1980లో మరో ఆరు బ్యాంకులను చేశారు, అందులో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. మా తాతయ్య పన్నెండేళ్ళ వయసు నుంచి ఒక ఆసామి దగ్గర పాలేరు. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు జీతం ఉండటం నేరమని ఈ చట్టం చెప్పింది. చట్టం వచ్చిన రోజే మా తాతయ్య బయటపడ్డాడని చెప్పలేను గాని, "ఇక నీ కొడుకుని పంపను" అని చెప్పడానికి ఆయనకు ఒక ఆధారం దొరికింది.

ఇప్పుడు పులి దగ్గరికి వద్దాం. 1969 నవంబరులో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ మహాసభ ఢిల్లీలో జరిగింది. మన పులి అంతరించిపోయే ప్రమాదంలో ఉందని అక్కడ తేల్చారు. రాజులు, దొరలు, తర్వాత డబ్బులు తీసుకుని వేటకు తీసుకెళ్ళే కంపెనీలు, చర్మాల వ్యాపారులు అంతా కలిసి పులిని ఆ స్థితికి తెచ్చారు. విదేశీ మారకద్రవ్యం వస్తుంది కదా అన్నవాళ్ళూ లేకపోలేదు. పులి వేటను నిషేధించారు. 1972లో లెక్కవేస్తే దేశం మొత్తం మీద తేలినవి 1,827 పులులు. ఆ ఏడాదే సెప్టెంబరు 9న వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న కార్బెట్ పార్కులో 'ప్రాజెక్ట్ టైగర్' మొదలైంది, మొదట 9 అభయారణ్యాలతో. దానికి మొదటి డైరెక్టరు కైలాస్ సాంఖలా.

పులి ఒక్కదాన్ని కాపాడితే ఏం వస్తుంది అని మీకు అనుమానం రావచ్చు. పులి ఉండాలంటే జింకలుండాలి, జింకలకు గడ్డి ఉండాలి, గడ్డికీ వాగుకీ అడవి ఉండాలి. పులి పేరు చెప్పి అడవి మొత్తాన్ని, ఆ అడవిలో పుట్టే ఏరులను కాపాడటం ఈ పథకంలో అసలు కిటుకు. మన వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో ఈ పథకంలో చేరింది. మూడున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైగా, గుంటూరు, ప్రకాశం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించి ఉండేది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. 2022 లెక్కలో దేశంలో పులుల సంఖ్య సగటు అంచనా 3,682. అప్పట్లో కాలి ముద్రలు చూసి లెక్కపెట్టేవారు, ఇప్పుడు కెమెరాలు పెట్టి లెక్కిస్తున్నారు కాబట్టి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేత చేయడం సరికాదు. కాని పులి మిగిలిందన్నది నిజం.

ఇంతకీ 1972లోనే స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మొట్టమొదటి పర్యావరణ మహాసభ జరిగింది. బయటి దేశాల నుంచి ప్రభుత్వాధినేతగా అక్కడికి వెళ్ళింది ఇందిరాగాంధీ ఒక్కరే. జూన్ 14న మాట్లాడుతూ ఆమె ఒక ప్రశ్న వేశారు. పేదరికాన్ని మించిన కాలుష్యం ఏముంది అన్నది దాని సారాంశం. అడవి పక్కన బతికేవాడికి పని, కూలి చూపించకుండా అడవి జోలికి వెళ్ళొద్దని చెప్పలేమని కూడా అన్నారు. ధనిక దేశాల వాళ్ళు అప్పటిదాకా పొగ గురించి, మురుగు గురించి మాట్లాడుతుంటే, ఆకలి గురించి కూడా మాట్లాడాలని చెప్పిన మాట ఇది. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఈ ప్రసంగం చదివినప్పుడు ఇది మా ఊరి గురించే చెప్పినట్టనిపించింది.

కాని ఆ మాట చెప్పిన ప్రభుత్వమే దాన్ని పాటించిందా? ప్రాజెక్ట్ టైగర్ కింద కాన్హా, రణథంబోర్ లాంటి చోట్ల ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయించారు. మన నల్లమలలో చెంచులు పులితో పాటే తరాల తరబడి బతికారు. చట్టం దృష్టిలో మాత్రం వాళ్ళు అడవిలోకి చొరబడినవాళ్ళయ్యారు. తేనె తీసుకున్నా తప్పే, పుల్ల విరిచినా తప్పే. ఆ తప్పు దిద్దుకోవడానికి పార్లమెంటుకు 2006లో అటవీ హక్కుల చట్టం చేసేదాకా పట్టింది. రూజ్‌వెల్ట్ దగ్గర గుర్తుపెట్టుకోమన్నది దీన్నే.

ఎమర్జెన్సీ గురించి చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా పత్రికల నోరు మూశారు, ప్రతిపక్షాల వాళ్ళను జైళ్ళలో పెట్టారు. 1976–77 ఒక్క సంవత్సరంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఎన్నో చోట్ల బలవంతంగా చేశారు, పేదవాళ్ళకే ఎక్కువగా చేశారు. ఆ చీకట్లోనే 1976లో 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. కోర్టుల అధికారాలకు కత్తెర వేసిన సవరణ అది. అందులోనే అడవులను, వన్యప్రాణులను కాపాడటం రాజ్యం బాధ్యత అని 48ఎ అధికరణ, ప్రతి పౌరుడి విధి అని 51ఎ(జి) చేర్చారు. అడవులను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చారు. మీ సోషల్ పుస్తకంలో ఉన్న 'ప్రాథమిక విధులు' పాఠం పుట్టుక ఇదే. కోర్టులను బలహీనపరచిన సవరణలోని ఆ అధికరణలనే తర్వాత కోర్టులు పట్టుకుని పర్యావరణ తీర్పులు చెప్పాయి. దీన్ని మంచి అనాలో చెడు అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. మా ప్రొఫెసర్ గారిని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

1977 ఎన్నికల్లో ఉత్తరాదిన ఆమె పార్టీ ఊడ్చుకుపోయింది. మన రాష్ట్రంలో మాత్రం 42 సీట్లలో 41 గెలిచింది. మిగిలిన ఒక్కటీ నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గెలిచారు. 1980లో ఆమె రాయబరేలీ, మన మెదక్ రెండుచోట్లా గెలిచి, రాయబరేలీ వదులుకుని మెదక్‌ను ఉంచుకున్నారు. అంటే 1984 అక్టోబరు 31న హత్యకు గురయ్యేదాకా ఆమె మన తెలుగు నియోజకవర్గపు ఎంపీ. ఇంకో ముచ్చట. 1972 వన్యప్రాణి చట్టానికి ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి వి.వి. గిరి. 1980 అక్టోబరు 25న అటవీ సంరక్షణ ఆర్డినెన్సు జారీ చేసిన రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఒకరిపై ఒకరు పోటీ చేసిన ఈ ఇద్దరు తెలుగువాళ్ళ చేతుల మీదుగానే రెండు పెద్ద చట్టాలూ వెళ్ళాయి. కాబట్టి తమ్ముడూ, ప్రెసిడెంటు పేరే కావాలంటే మనకూ ఇద్దరున్నారు!

ఆ 1980 చట్టం చాలా చిన్నది, కాని పదునైనది. రాష్ట్ర ప్రభుత్వం అడవి భూమిని వేరే పనికి ఇవ్వాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలి. అంతే. దానికి ముందు, 1951 నుంచి 1980 దాకా, ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 43 లక్షల హెక్టార్ల అడవి ప్రాజెక్టులకు, పొలాలకు, ఫ్యాక్టరీలకు పోయింది. చట్టం తర్వాత ఆ వేగం బాగా తగ్గింది. కేరళలోని సైలెంట్ వ్యాలీలో కరెంటు ప్రాజెక్టును ఆపించిందీ ఈ రెండో విడతలోనే.

ఇక మన సంగతి. 1981 నవంబరులో ఆమె సముద్రతీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక ఉత్తరం రాశారు. అప్పుడు మన ముఖ్యమంత్రి టి. అంజయ్య గారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడి నుంచి కనీసం 500 మీటర్ల వరకు తీరాన్ని ఏ కట్టడాలూ, పనులూ లేకుండా వదిలేయాలన్నది దాని సారం. అది చట్టం కాదు, ఉత్తరమే. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాక, 1991 ఫిబ్రవరి 19న దాని కింద తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వెలువడింది. 'సీఆర్‌జెడ్' అని పేపర్లో చదువుతుంటారే, అదే. ఆ 500 మీటర్లే అందులో కొలత అయింది. పల్లె తీరాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు కూడదన్నారు.

ఎందుకు 500 అంటే, 1977 ఉప్పెన గుర్తున్నవాళ్ళను అడగండి. అది వచ్చింది నవంబరు 19న. దివిసీమ, రేపల్లె, బాపట్ల వైపు ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కే పది వేలు. తీరం వెంబడి ఇసుక దిబ్బలు, నిజాంపట్నం వైపు మడ అడవులు, తర్వాత నాటిన సరుగుడు తోటలు, ఇవే గాలికీ నీటికీ మొదటి అడ్డం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సముద్రం మళ్ళీ వస్తుంది. సూర్యలంక వైపు ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు కావలసిందీ ఈ ఖాళీ ఇసుకే. 1972 చట్టంలో వాటిది పులితో సమానమైన మొదటి షెడ్యూలు.

కాని మన తీరాన్ని అసలు మార్చింది రొయ్య. దాని పేరూ టైగరే! 1990ల్లో తీరం వెంట చెరువులు తవ్వేశారు. మా ఊరి దిగువన వరి పొలాలు చెరువులయ్యాక మంచినీళ్ళ బావి ఉప్పుతేలింది. ఇప్పుడు మా అమ్మ నీళ్ళ క్యాను కొంటుంది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి తప్ప, తీసేయమని తీర్పు చెప్పింది. పని పోయే కూలీలకు ఆరేళ్ళ జీతం పరిహారంగా ఇవ్వమంది. తీర్పు పూర్తిగా అమలు కాలేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషన్ చేసుకున్న చెరువులకు సీఆర్‌జెడ్ నిషేధం వర్తించకుండా చూసింది. 2009 తర్వాత వెనామీ వచ్చింది. మా అమ్మ పదేళ్ళుగా రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతోంది. నా డిగ్రీ ఫీజులో ఎక్కువ భాగం ఆ డబ్బే. బావి పోయిందీ రొయ్యతోనే, చదువు వచ్చిందీ రొయ్యతోనే. స్టాక్‌హోం ప్రసంగం మా ఊరి గురించే అనిపించింది ఇందుకే.

జాలర్లకూ ఈ గీతతో పేచీ ఉంది. వాళ్ళు వలలు ఆరబెట్టుకునేది, పడవలు నిలిపేది, గుడిసెలు వేసుకునేది ఆ 200 మీటర్లలోనే. పాత నిబంధనల ప్రకారం వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుంటే తప్పయ్యేది. 2011 నోటిఫికేషన్‌లో 100–200 మీటర్ల మధ్య మత్స్యకారుల ఇళ్ళకు వెసులుబాటు ఇచ్చారు. 2019లో మళ్ళీ మార్చారు. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన పల్లె ప్రాంతాల్లో నిషిద్ధ మేర 50 మీటర్లకు తగ్గింది, మిగతాచోట్ల 200 ఉంచారు. జాలరి గుడిసెకు ఇబ్బంది పోవడం మంచిదే. అదే 50 మీటర్ల సందులోంచి ఇంకెవరు వస్తారన్నది నా భయం. మన వాడరేవు మీద అందరికీ కన్నుంది. 2008లో వాడరేవు–నిజాంపట్నం ఓడరేవులు, పారిశ్రామిక కారిడార్ అని వేల ఎకరాల పథకం వచ్చింది. ఓడరేవులు రాలేదు, వ్యవహారం సీబీఐ కేసులోకి వెళ్ళింది.

ఆ తొమ్మిదో తరగతి తమ్ముణ్ణి, ఇంకో నలుగురిని తీసుకుని వార్డెన్ గారి అనుమతితో ఒక ఆదివారం వాడరేవు వెళ్ళాం. చట్టంలోని పోటు గీతను సర్వే చేసి తీర నిర్వహణ మ్యాపుల్లో గుర్తిస్తారు. మాకు మ్యాపు లేదు. పౌర్ణమి పోటుకు కొట్టుకొచ్చిన నాచు, గవ్వలు ఇసుక మీద ఒక వరుసలా ఉంటే దాన్నే గీత అనుకుని అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టాం. పెద్ద అడుగు మీటరు కింద లెక్క. ముప్పై దగ్గర పడవలు, అరవై దగ్గర వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు పెద్దవాళ్ళు. "ఏం కొలుస్తున్నారు బాబూ, మళ్ళీ ఏదన్నా వస్తోందా?" అని వాళ్ళలో ఒకాయన అడిగాడు. స్కూలు పని తాతా అన్నాం. నూట నలభై దగ్గర కొత్తగా పాతిన సిమెంటు స్తంభాలు, వాటికి ముళ్ళతీగె అడ్డం వచ్చాయి. రెండు వందలు అవతల ఎక్కడ పడుతుందో చూడలేకపోయాం. వాడు తన జి.కె. పుస్తకం చివరి అట్ట మీద 140 అని రాసుకుని, పక్కన తేదీ వేసుకున్నాడు.